మేత భూమిలో మా వాటా

మా దాదా ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. సదుం చుట్టుపక్కల పల్లెల్లో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. లాడాల సాయిబు అంటే చాలు, ఇల్లు చూపించేవాళ్ళు. మా పడమటి మండలాలు రాళ్ళ సీమ. కంకర బాటమీద బండి లాగే ఎద్దుకు గిట్టలు అరిగితే కుంటుతుంది. ఎద్దు కుంటితే రైతు సేద్యం ఆగుతుంది. అప్పుడు రెడ్డి అయినా, గొల్లాయన అయినా ఎద్దును తోలుకొచ్చి మా వాకిట్లో నిలబడి, ‘సాయిబు మామా, రవంత చూడు’ అనేవాడు.

మోకు వేసి ఎద్దును దెబ్బ తగలకుండా పక్కకు పడేయడం ఒక ఒడుపు. నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, గిట్టల అడుగు చెక్కి చదును చేసి, చీలిన గిట్టకు అటొకటి ఇటొకటి చొప్పున మొత్తం ఎనిమిది లాడాలు కొట్టాలి. చీల ఒక్క పిసరు పక్కకు దిగితే ఎద్దు పనికిరాకుండా పోతుంది. అందుకని ఊళ్ళో ఎవరి చేతికంటే వాళ్ళ చేతికి ఎద్దును ఇచ్చేవాళ్ళు కాదు. మా వాళ్ళ భాషలో ఆ పనికి నాల్‌బంద్ అని పేరు. ఎద్దు గిట్టను ఒళ్ళో పెట్టుకుని బతికిన కులం మాది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ రోజు ఎద్దు పక్కన సాయిబు కనబడితే చూసేవాళ్ళ కళ్ళల్లో కసాయి తప్ప ఇంకెవరూ మెదలడం లేదు కాబట్టి.

అయితే నేను రాయబోయేది మా దాదా కథ కాదు. ఒక నేల కథ. ఆ నేల దగ్గరికి నన్ను నడిపించింది మాత్రం ఆ ఎనిమిది లాడాలే.

ట్రాక్టర్లు వచ్చాయి. బండ్లకు టైర్లు వచ్చాయి. బావులు ఎండాయి. మా సీమ మనుషులందరిలాగే మా అబ్బా కూడా బెంగుళూరు బస్సెక్కాడు. మేస్త్రీ పనిలో కుదిరాడు. ఊరికి ఉత్తరాన కావల్ భైరసంద్ర అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. సెలవులకు అక్కడికి పోయినప్పుడు నేను అడిగేవాణ్ణి, ‘కావల్ అంటే ఏంది అబ్బా?’ అని. ‘పేరులే రా, పేరుకు అర్థమేంది’ అనేవాడు. అబ్బా తప్పేం లేదు. ఇటుక మీద ఇటుక పేర్చేవాడికి, కింద నేల ఎవరిదని ఎవరు చెబుతారు?

ఆ పేట పేరు దేశమంతా విన్నది 2020 ఆగస్టు 11 రాత్రి. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక రాత మీద మొదలైన గొడవ. ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు, పోలీసు స్టేషన్ల మీద పడ్డారు, బండ్లు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చచ్చిపోయారు. ఆ రాత్రి జరిగిన దాన్ని నేను సమర్థించను. కానీ ఆ తర్వాత పేపర్లలో, టీవీల్లో ఆ పేట అంటే అల్లరిమూకల అడ్డా. అంతే. దానికి అంతకుముందు చరిత్రే లేనట్టు. అప్పుడు నాకు మళ్ళీ ఆ పాత ప్రశ్న గుర్తొచ్చింది. కావల్ అంటే ఏమిటి?

కావల్ అంటే కాపలా పెట్టిన మేత భూమి. మన తెలుగు కావలి, కన్నడ కావల్ ఒకే తల్లి పిల్లలు. దున్నకూడదు, ఇళ్ళు కట్టకూడదు. గడ్డి పెరగాలి, మంద మేయాలి. అమెరికావాళ్ళు రాంచ్ అంటారే, ఇంచుమించు ఆ తరహాది. తేడా ఒక్కటే. అక్కడ సొంతదారు దొర, ఇక్కడ సర్కారు. బెంగుళూరు మ్యాపు తీసి చూడండి. కావల్ భైరసంద్ర, జారకబండె కావల్, ఉత్తరహళ్ళి మనవర్తె కావల్, బడమనవర్తి కావల్. అన్నీ ఒక్క శాఖవి కావు. రాజుగారి పశువులకు, సర్కారు గుర్రాలకు వేర్వేరు మేత భూములుండేవి. కానీ ఆ పేర్లన్నీ చెప్పేది ఒకటే. ఇక్కడ ఒకప్పుడు గడ్డి ఉండేది.

ఆ కావల్ భూముల్లో అన్నింటికంటే పెద్ద ఏర్పాటుకు అమృత్ మహల్ అని పేరు. ఆ పేరు పెట్టింది టిప్పు సుల్తాన్.

ఇక్కడ కొంచెం నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఆ ఏర్పాటును మొదలుపెట్టింది టిప్పు కాదు. మంచి జాతి ఆవులను సర్కారు మందలుగా పెంచడం విజయనగరం రోజుల నుంచే ఉంది. 1673 నుంచి 1704 వరకు మైసూరును ఏలిన చిక్కదేవరాజ ఒడెయరు దాన్ని ఒక శాఖగా నిలబెట్టి బెణ్ణె చావడి అన్నాడు. అంటే వెన్న కచ్చేరి. రాజు కోటకు పాలూ వెన్నా పంపడం దాని పని. హైదర్ అలీ ఆ మందల్లో వెన్న కంటే ఎద్దును ఎక్కువగా చూశాడు. ఫిరంగి లాగే ఎద్దును, సామాను మోసే ఎద్దును చూశాడు. తాను గెలిచిన పాళెగాళ్ళ మందలను కూడా వాటిలో కలిపాడు. టిప్పు దాన్ని అమృత్ మహల్ చేసి, శాఖ ఎలా నడవాలో హుకుంనామా ఇచ్చాడు. ఏటా మందను లెక్కపెట్టే రోజున తానే వచ్చి నిలబడేవాడట. ఒక సుల్తాను ఆవుల శాఖకు అమృతం అని సంస్కృతం మాటా మహల్ అని అరబ్బీ మాటా కలిపి పేరు పెట్టాడు. ఈ రెండు మాటలు పక్కపక్కన నిలబడ్డ తీరు చూస్తే చాలు, మా ఇళ్ళల్లో మాట్లాడుకునే భాష గుర్తొస్తుంది.

ఆ ఎద్దుల సత్తా సామాన్యమైంది కాదు. 1781లో చిదంబరం కోటను కాపాడుకోవడానికి హైదర్ సైన్యం రెండున్నర రోజుల్లో నూరు మైళ్ళు నడిచిందని, అది ఈ ఎద్దుల వల్లే సాధ్యమైందని తెల్లదొరలు రాయించిన మైసూరు గెజిటీరే చెబుతుంది. ఎద్దు ఏడో ఏటికి నిండు సత్తువకు వస్తుంది. అంతదాకా దాన్ని మేపాలి. ఒక్క నేల మీద ఏడాదంతా మేపితే గడ్డి చస్తుంది. అందుకని కావల్ భూములను మూడు రకాలు చేశారు. ఎండాకాలానికి కొన్ని, వానాకాలానికి కొన్ని, చలికాలానికి కొన్ని. ఎండాకాలం మంద, చెరువు నీళ్ళు వెనక్కి పోయిన చోట మొలిచే పచ్చిక మీదికి, చెట్ల నీడ ఉన్న చోటికి పోతుంది. వానలు పడగానే మిట్ట నేలలకు తిరిగొస్తుంది. ఆ వెనక ఉన్న బుద్ధి టిప్పుది మాత్రమే కాదు. తరతరాలుగా మందల వెంట తిరిగిన గొల్లలది, హళ్ళికారులది. టిప్పు చేసిందల్లా ఆ బుద్ధికి సర్కారు ముద్ర వేయడం.

ఈ కథలో మా సీమ కూడా ఉంది. హైదర్ పుట్టింది కోలారు దగ్గర బూదికోటలో. చచ్చిపోయింది 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో. సదుం నుంచి ఎంతో దూరం లేని గుర్రంకొండ కోటను ఏలినవాడు హైదర్ బామ్మర్ది మీర్ రజా అలీ ఖాన్. అక్కడి రంగినీ మహల్ ఇప్పటికీ నిలబడి ఉంది. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలీస్ దొర టిప్పు మీదికి పోతూ ఎక్కింది మన మొగిలి కనుమే. అక్కడి నుంచి పలమనేరు మీదుగా కోలారు, తర్వాత బెంగుళూరు. మార్చిలో బెంగుళూరు కోట పట్టుకున్నాడు. మే నెలలో శ్రీరంగపట్నం దాకా పోయాడు. కానీ కోటను ముట్టడించలేకపోయాడు. ఎందుకు? మేత లేదు. దారి పొడవునా పచ్చికను టిప్పు మనుషులు తగలబెట్టారు. తెల్లదొర ఎద్దులు ఆకలితో, రోగంతో వేలకు వేలు చచ్చాయి. లాగే ఎద్దు లేక ఆయన తన పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టించుకుని వెనక్కి తిరిగాడు. ఆ దండును బతికించింది మరాఠాలు తెచ్చిన సరుకు, ఎద్దుల మీద ధాన్యం మోసుకొచ్చిన లంబాడీలు.

బడి పుస్తకాల్లో మనం చదివింది కత్తుల యుద్ధం. అసలు జరిగింది గడ్డి యుద్ధం. గడ్డి ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ళ చేతిలో ఉంది.

1799లో టిప్పు పడిపోయాక ఆ మందలు కుంపిణీ చేతికి వచ్చాయి. మైసూరు రాజుకు అప్పగిస్తే క్షీణించాయని 1813లో మళ్ళీ తెల్ల అధికారి కింద పెట్టారు. వాటి విలువ బాగా తెలిసినవాడు ఆర్థర్ వెల్లెస్లీ. 1803లో మరాఠాల మీదికి పోయినప్పుడు ఆ ఎద్దుల మీదే నడిచాడు. టిప్పు పేరు మీద ఎంత బురద చల్లినా, టిప్పు పెట్టిన అమృత్ మహల్ పేరును మాత్రం తెల్లవాళ్ళు మార్చలేదు. 1860లో ఖర్చు తగ్గించాలని శాఖను ఎత్తేసి మందలను అమ్మేశారు. కొన్నేళ్ళకే తప్పు తెలుసుకుని మళ్ళీ పెట్టారు. 1882లో మైసూరు సర్కారుకు ఇచ్చేశారు.

శాఖ నిలబడింది కానీ నేల కరుగుతూ వచ్చింది. రైలు వచ్చాక, మోటారు వచ్చాక ఫిరంగి ఎద్దుతో పని ఏముంది? ఎద్దుతో పని లేకపోతే గడ్డితో పని ఏముంది? ఒకప్పుడు లక్షల ఎకరాలున్న కావల్ భూములను కాస్త కాస్త విడగొట్టారు. తిండి గింజలు ఎక్కువ పండించాలని కొంత సాగుకు ఇచ్చారు. కొంత పేదలకు పంచారు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆకలిగొన్నవాడు దున్నుకుంటే గడ్డి కూడా క్షమిస్తుంది. కానీ మిగిలింది ఎక్కడికి పోయింది? అటవీ శాఖవాళ్ళు నీలగిరి చెట్లు నాటారు. ఫ్యాక్టరీలకు, క్యాంపులకు ఇచ్చారు. బెంగుళూరు పెరిగి ఊరి బయట ఉన్న కావల్ ఊళ్ళోకి వచ్చేసరికి లేఅవుట్లు వేశారు. ముప్పై బై నలభై సైట్లు కోశారు. మా అబ్బా లాంటివాళ్ళు పోయి గోడలు లేపారు.

కొంత నేల మాత్రం పార్కులయింది. ఎలహంక వైపున్న జారకబండె కావల్ ఇప్పుడు అటవీ శాఖ వనం. పొద్దున పూట నడకకు వచ్చేవాళ్ళతో కళకళలాడుతుంది. నగరానికి ఆ ఊపిరి కావాల్సిందే. అయినా పార్కులో మనిషి నడవొచ్చు, కూర్చోవచ్చు. ఆవు రాకూడదు. కావల్ అన్న పేరు మీద బతుకుతున్న నేలకు ఆవే కాని ప్రాణి అయింది. బెంగుళూరుకు హైదర్, టిప్పు ఇచ్చిన తోట ఇంకొకటుంది, లాల్‌బాగ్. 1760లో హైదర్ మొదలుపెట్టినది. దాన్ని చూడ్డానికి జనం పువ్వుల జాతరకు పోతారు, హైదర్ పేరు చెప్పుకుంటారు. పువ్వు నాటిన నవాబు గుర్తుంటాడు. గడ్డిని కాచిన నవాబు గుర్తుండడు. ఎందుకంటే పువ్వు విలాసం. గడ్డి పని.

బెంగుళూరు శివార్లలో హేసరఘట్ట దగ్గర కొంత గడ్డి నేల ఇంకా మిగిలింది. సినిమా నగరం కట్టాలని అన్నారు. దాన్ని కాపాడే ప్రతిపాదనను 2021లో కర్ణాటక వన్యప్రాణి మండలి తోసేసింది. పక్షులు చూసేవాళ్ళు, మేపుకునేవాళ్ళు కలిసి పోరాడాక అదే మండలి 2024లో ఐదు వేల ఎకరాల పైచిలుకును రక్షిత నేల చేయడానికి ఒప్పుకుంది. కుణిగల్‌లో టిప్పు కాలం నాటి గుర్రాల ఫారం నాలుగు వందల ఎకరాల పైన ఉంది. 2024లోనే అక్కడ టౌన్‌షిప్ కడతామన్న మాట బయటికి వచ్చింది, గొడవయింది. చిత్రదుర్గం జిల్లా చెళ్ళకెరె వైపు కథ ఇంకా పెద్దది. అది మన అనంతపురానికి ఆనుకున్న సీమ. అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. 2010కి అటూ ఇటూ అక్కడి అమృత్ మహల్ కావల్ భూముల్లో సుమారు పది వేల ఎకరాలను రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలకు, ఒక పెద్ద విజ్ఞాన సంస్థకు ఇచ్చారు. గొర్రెలు మేపి కంబళ్ళు నేసుకునే ఊళ్ళవాళ్ళు ఒకరోజు లేచి చూస్తే గోడలు లేస్తున్నాయి. గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. దేశానికి విజ్ఞానం వద్దని వాళ్ళు అనలేదు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదే అని అన్నారు.

ఆ నేలను ఇవ్వడానికి కాగితాల మీద వాడే మాట ఒక్కటే: ఖాళీ భూమి. బీడు. దేనికీ పనికిరానిది. గడ్డి కనపడనివాడికి అది ఖాళీయే.

ఈ మాట మా ఊళ్ళకూ కొత్త కాదు. మా సీమలో మేత పోరంబోకులు, గుట్టల కింద అనాధీనాలు ఉండేవి. పుంగనూరు ఆవు పుట్టింది ఆ మేత మీదే. మోకాలెత్తు కంటే కాస్త ఎక్కువ, మూడడుగులు దాటని ఆవు. రాళ్ళ సందున మొలిచిన గరిక తిని, కరువులో కూడా చెంబెడు చిక్కటి పాలిచ్చే ఆవు. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, వాయల్పాడు చుట్టుపక్కల పేదవాళ్ళ ఇంటి ఆవు అది. మేత భూములు పోయాయి. సీమ ఆవులు వచ్చాయి. ఊళ్ళల్లో పుంగనూరు ఆవు కనబడకుండా పోయింది. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో కొద్ది మందను పట్టి ఉంచకపోతే దాని పేరు కూడా మిగిలేది కాదు. ఇప్పుడు అదే ఆవు పెద్దపెద్ద నగరాల్లో ధనవంతుల ఇళ్ళల్లో తిరుగుతోంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఆ ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు అందరం చూశాం. సంతోషమే. మా సీమ ఆవుకు గౌరవం దక్కింది. కానీ మేత పోయి ఆవు మిగిలితే అది ముద్దుచేసే బొమ్మ అవుతుంది, బతుకుతెరువు కాదు. నేల పోయి పేరు మిగిలితే అది కావల్ భైరసంద్ర అవుతుంది.

టిప్పు పేరుతో ఇప్పుడు జరుగుతున్నది కూడా ఇంతే. కర్ణాటక సర్కారు 2015లో టిప్పు జయంతి మొదలుపెట్టింది. ఇంకో సర్కారు వచ్చి 2019లో ఎత్తేసింది. ఒకడికి పులి, ఒకడికి రాక్షసుడు. మావాళ్ళల్లో కొందరు ఆటోల వెనక కత్తి పట్టుకున్న టిప్పు బొమ్మ వేయిస్తారు. వాళ్ళ కసి నాకు అర్థమవుతుంది. కానీ ఆ కత్తే మన ఆస్తి అనుకుంటే నష్టపోయేది మనమే. కత్తి పట్టిన రాజులు అన్ని మతాల్లోనూ ఉన్నారు. కూర్గులో, మలబారులో టిప్పు సైన్యం చేసిన పనులకు ఏడ్చినవాళ్ళున్నారు. ఆ ఏడుపును కాదనడానికి మనకు ఏ హక్కూ లేదు. కావల్ భూములు కూడా ధర్మసత్రాలు కావు. అవి యుద్ధం కోసం పెంచిన గడ్డి. సర్కారు మంద మేసే చోటికి ఊరి పేద ఆవును రానిచ్చేవారు కాదు. ఇవన్నీ చెప్పాకే మిగిలిన మాట చెప్పే అర్హత వస్తుంది.

మిగిలిన మాట ఇది. ఈ దేశంలో ఆవునూ ఎద్దునూ పెంచిన చరిత్రలో మాకు వాటా ఉంది. పెద్ద వాటా అనను. గొల్లలది, హళ్ళికారులది, లంబాడీలది మా కంటే పెద్దది. ఒడెయరుదీ ఉంది. కానీ మాదీ ఉంది. పైన సుల్తాను హుకుంనామా రాశాడు, కింద నాల్‌బంద్ గిట్టకు లాడం కొట్టాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పినవాడు, మచ్చలు చూసి గుణం చెప్పినవాడు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తెంచినవాడు సాయిబే. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నుంచి గోవధ మీద చట్టం ఉంది. కర్ణాటకలో 2020లో ఇంకా కఠినమైన చట్టం చేశారు. చట్టం సంగతి అలా ఉంచండి. ఈ రోజు సంతలో రైతు అమ్మిన ఎద్దును బండెక్కించుకుని పోయే సాయిబు, కాగితాలన్నీ జేబులో ఉన్నా, చెక్‌పోస్టు కంటే ముందు దారిలో నిలబడే మనుషులకు భయపడుతున్నాడు. ఆ భయానికి మొదటి కారణం, ఎద్దుతో మా సంబంధంలో కత్తి ఒక్కటే ఉందని అందరూ నమ్మడం. లాడం కనబడకపోవడం.

గడ్డిని ఖాళీ అన్నట్టే మా బతుకునూ ఖాళీ అన్నారు. పట్టా లేని నేల పోరంబోకు అయినట్టే, పుస్తకంలో లేని మనుషులు పరాయివాళ్ళయ్యారు. పోరంబోకు భూమిని ఎవరికైనా రాసివ్వొచ్చు. పరాయివాణ్ణి ఎక్కడికైనా పొమ్మనొచ్చు. అందుకే కావల్ కథ నాకు పాత పశువుల శాఖ కథలా అనిపించదు. మా కథలాగే ఉంటుంది.

పార్కులు కట్టండి. ఇళ్ళు కట్టండి. మా అబ్బా ఆ ఇళ్ళు కట్టే కూలితోనే నన్ను చదివించాడు. కానీ పార్కుల్లో చెట్టు చెట్టుకూ పేరు రాసి బోర్డు పెడతారు గదా, ఇంకొక్క బోర్డు పెట్టండి. ఇది కావల్ భూమి, ఇక్కడ మందలు మేశాయి, గొల్లలు కాశారు, ఒడెయరు ఆపాడు, సుల్తాను పేరు పెట్టాడు అని. ఇంకా మిగిలిన గడ్డిని గడ్డిగానే ఉండనివ్వండి. దాని మీద బతికేవాళ్ళను అడిగి గోడ కట్టండి.

మా అబ్బా గోడలు లేపిన ఇళ్ళల్లో చాలావాటికి గృహప్రవేశం రోజున దిష్టి తగలకుండా గడపకు లాడం కొట్టించారు. పని పాతది కదా అని ఆ లాడం కొట్టమని అబ్బానే పిలిచేవాళ్ళు. అలాంటి ఒక ఇంటి ఓనరు, తర్వాత ఆ ఇంటి పై వాటా అద్దెకు అడగడానికి పోతే, పేరు విని, మీవాళ్ళకు ఇవ్వం అన్నాడు. అబ్బా ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు గడప వైపు చూశాడంతే. లాడం గట్టిగానే ఉంది.

మా దాదా సుత్తి సదుంలో మా ఇంట్లో ఇంకా ఉంది.